ఇంటిపేరు పక్కన చుక్క



ఒక సాయంత్రం సంగతితో మొదలుపెడతాను. కాలేజీలో చేరడానికి ఆన్‌లైన్ దరఖాస్తులకు అదే ఆఖరి రోజు. మా ఊరి బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకు ఏదో ప్రింటు కోసం వెళ్లాను. లోపల కంప్యూటర్ ముందు సెంటర్ కుర్రాడు, అతని పక్కన ఇంటర్ పాసైన అమ్మాయి, వెనకాల సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు పట్టుకుని వాళ్ల నాన్న. కుర్రాడు అన్ని గడులూ నింపి కింద బటన్ నొక్కాడు. పేజీ మళ్లీ తెరుచుకుంది. పైన ఎర్రగా ఒకే ఒక్క మాట: ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్. కింద గడులన్నీ ఖాళీ.

"ఏమంటోంది బాబూ?" అని అడిగాడు ఆ తండ్రి.

"తప్పంటోంది బాబాయ్."

"ఎక్కడ తప్పో చెప్పదా?"

"చెప్పదు బాబాయ్. మనమే వెతుక్కోవాలి."

మూడుసార్లు మొదటినుంచీ నింపారు. నాలుగోసారి ఆ అమ్మాయే కనిపెట్టింది. వాళ్ల నాన్న పేరులో ఇంటిపేరు పొడి అక్షరం పక్కన చుక్క ఉంది. ఆ ఫారం రాసిన ప్రోగ్రామర్ పేరు గడిలో అక్షరాలు, ఖాళీలు తప్ప మరేదీ ఉండకూడదని రాసిపెట్టాడు. చుక్క తీసేస్తే దరఖాస్తు వెళ్లింది. అదే పేజీలో పైన, పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయాలని సూచన ఉంది. ఆ మెమోలో చుక్క ఉంది.

నేను డిగ్రీ విద్యార్థులకు వెబ్ ప్రోగ్రామింగ్ చెబుతాను. ఆ చుక్కను ఒప్పుకోవడానికి ప్రోగ్రాములో చేర్చాల్సింది ఒక్క గుర్తు. ఆ ఒక్క గుర్తు లేక ఒక కుటుంబం గంటన్నర సేపు తమదే తప్పనుకుంటూ కూర్చుంది. ఆరోజు నుంచీ ఫారాలను తనిఖీ చేసే పాఠం నేను చెప్పే తీరు మారింది. ఆ పాఠమే ఈవేళ మీతో పంచుకుంటాను.

వెబ్ పేజీలో ఫారం అంటే కొన్ని గడులు, కొన్ని మీటలు. పేరు రాయడానికి టెక్స్ట్ బాక్సు, జిల్లా ఎంచుకోవడానికి కిందికి జారే జాబితా, ఎన్నయినా టిక్కు పెట్టుకోగల చెక్‌బాక్సులు. ఇవికాక గుండ్రటి గుర్తులుంటాయి. ఒకటి నొక్కితే అంతకుముందు నొక్కింది ఆరిపోతుంది. వాటి పేరు రేడియో బటన్లు. పాతకాలపు కారు రేడియోల్లో స్టేషన్లకు వరసగా మీటలుండేవి. ఒకటి లోపలికి నొక్కితే, ముందు నొక్కింది టక్కున పైకి వచ్చేది. ఒకేసారి రెండు స్టేషన్లు వినలేం కదా! ఆ మీటల పేరే ఈ గుర్తులకు వచ్చింది. రేడియో వింటున్న మీకు ఈ చుట్టరికం చెప్పకుండా ఉండలేను.

ఈ గడుల్లో మనం రాసింది దూరాన ఎక్కడో ఉన్న సర్వర్‌కు చేరుతుంది. తొలినాళ్లలో తనిఖీ అంతా అక్కడే జరిగేది. ఫారం నింపి పంపాలి, అది ఫోన్ లైను మీద నెమ్మదిగా వెళ్లాలి, సర్వర్ చూడాలి, ఫలానా గడి ఖాళీగా ఉందని తిప్పి పంపాలి. ఒక్క గడి మరిచిపోతే రానూపోనూ ప్రయాణం. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు బ్రౌజర్‌లోనే నడిచే ఒక భాషను తయారుచేశాడు. తొలి రూపాన్ని ఆ మే నెలలో పది రోజుల్లో రాశాడు. మొదట మోకా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు, ఆ ఏడాది డిసెంబరుకు జావాస్క్రిప్ట్ అయింది. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది కూడా ఆ ఏడాది ఆగస్టు 15నే. జావాస్క్రిప్ట్‌కు తొలిరోజుల్లో దొరికిన పనుల్లో ముఖ్యమైనది ఈ ఫారం తనిఖీ. కాగితం కౌంటరుకు చేరకముందే, పక్కన నిలబడి "అన్నా, ఇక్కడ సంతకం మరిచిపోయారు" అని చెప్పే మనిషి చేసే పని అది.

ఆ మాట విద్యార్థులకు పదేపదే చెబుతాను. తహసీల్దారు ఆఫీసు బయట చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాసిపెట్టే మనిషిని చూశారా? వచ్చినవాళ్లను కూర్చోబెడతాడు. "సర్వే నంబరు చెప్పు పెద్దమ్మా" అంటాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు వింటాడు, ఆఫీసుకు కావలసిన పద్ధతిలో తాను రాస్తాడు. ఆమెకు పద్ధతి రాలేదని తిప్పి పంపడు. జావాస్క్రిప్ట్ రాసే ప్రతివాళ్లూ కూర్చోవలసిన బల్ల అదే.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఈ రోజుల్లో చాలా తనిఖీలకు జావాస్క్రిప్ట్ అవసరం కూడా లేదు. 2014లో ప్రమాణంగా స్థిరపడిన హెచ్‌టీఎంఎల్ 5లో గడికి ఒక మాట తగిలిస్తే చాలు. రిక్వైర్డ్ అంటే ఆ గడి ఖాళీగా వదలకూడదు. మిన్, మ్యాక్స్ అంటే ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదు. ప్యాటర్న్ అంటే ఈ అచ్చులోనే ఉండాలి. బ్రౌజరే చూసి, ఏ గడిలో లోపముందో ఆ గడి దగ్గరే చెబుతుంది. అది చాలనిచోట జావాస్క్రిప్ట్ అందుకుంటుంది. పంపే బటన్ నొక్కగానే సబ్‌మిట్ అనే ఘటన పుడుతుంది. ప్రోగ్రాము దాన్ని విని, లోపం కనిపిస్తే ప్రివెంట్ డిఫాల్ట్ అనే ఆజ్ఞతో పంపడం ఆపుతుంది. పేజీ కదలదు కాబట్టి రాసినవన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఆ నెట్ సెంటర్లో జరగనిది ఇదే.

కొత్తగా నేర్చుకునేవాళ్లు జారిపడే చోట్లు రెండు మూడు ఉన్నాయి. ఒకటి, గడిలోంచి తీసుకున్నది ఎప్పుడూ అక్షరాల వరసే, అంకెలా కనిపించినా సరే. వయసు గడిలో తొమ్మిది అని ఉంటే, దాన్ని సంఖ్యగా మార్చకుండా పద్దెనిమిది అనే మరో అక్షరాల వరసతో పోలిస్తే, నిఘంటువులో మాటలు పోల్చినట్టు మొదటి గుర్తులనే పోలుస్తుంది. తొమ్మిది ఒకటికన్నా పెద్దది, కాబట్టి తొమ్మిదేళ్ల పిల్లవాడు పద్దెనిమిది దాటినవాడైపోతాడు. రెండు, ఖాళీ గడిని సంఖ్యగా మార్చమంటే జావాస్క్రిప్ట్ సున్నా ఇస్తుంది. ఆదాయం గడి వదిలేసిన మనిషికి ఆదాయమే లేదని నమోదవుతుంది. చెప్పలేదనడం వేరు, లేదనడం వేరు. ఏ పథకం దరఖాస్తులోనైనా ఆ తేడా మనిషి బతుకు మీద పడుతుంది. మూడు, తేదీలు. 2023 ఫిబ్రవరి 30 అని ఏడాది, నెల, రోజు విడివిడిగా ఇస్తే జావాస్క్రిప్ట్ తప్పు అనదు. నోరెత్తకుండా మార్చి 2గా మార్చేస్తుంది. అందుకని తేదీ తయారయ్యాక, మనిషి రాసిన రోజూ నెలా అలాగే ఉన్నాయా అని మళ్లీ అడిగి చూసుకోవాలి.

మన దైనందిన జీవితంలోని నంబర్లు కొన్నింటిని దగ్గరగా చూద్దాం. ఆధార్ సంఖ్యలో పన్నెండు అంకెలు. మొదటిది సున్నా గాని ఒకటి గాని కాదు. చివరి అంకె మిగతా పదకొండింటిని బట్టి లెక్క కట్టి పెట్టింది. ఆ లెక్క పేరు వెర్‌హూఫ్ పద్ధతి. డచ్ గణితవేత్త యాకోబస్ వెర్‌హూఫ్ 1969లో ప్రకటించాడు. దీని గొప్పతనం ఏమిటంటే, ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్కనున్న రెండంకెలు తారుమారైనా తప్పకుండా పట్టేస్తుంది. మనం చేత్తో చేసే పొరపాట్లు ఎక్కువగా ఆ రెండు రకాలవే. ఈ లెక్క బ్రౌజర్‌లోనే చేయవచ్చు, అంకెలు ఎక్కడికీ పంపనక్కరలేదు. అయితే సంఖ్య అల్లిక సరిగ్గా ఉందని మాత్రమే అది చెప్పగలదు. అది ఎవరిదో దానికి తెలియదు.

ఆధార్ కార్డు మీద ఆ పన్నెండంకెలు నాలుగేసి చొప్పున విడివిడిగా అచ్చయి ఉంటాయి. చూసి రాసేవాళ్లు మధ్యలో ఖాళీ వదిలే రాస్తారు. చాలా ఫారాలు పన్నెండంకెలే ఉండాలని వాళ్లను వెనక్కి పంపుతాయి. ఖాళీలు తీసేయడానికి జావాస్క్రిప్ట్‌లో ఒక్క వాక్యం చాలు. యంత్రం రెప్పపాటులో చేయగల పనిని అరవయ్యేళ్ల మనిషి చేత చిన్న ఫోన్ తెర మీద చేయించడం మర్యాద కాదు.

బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్ఎస్ కోడ్ ఇంకో ఉదాహరణ. పదకొండు గుర్తులు. మొదటి నాలుగూ బ్యాంకును చెప్పే అక్షరాలు, చివరి ఆరూ శాఖవి. మధ్యలో అయిదోది ఎప్పుడూ సున్నాయే. చాలామంది అక్కడ ఇంగ్లీషు అక్షరం ఓ కొడతారు, ఎందుకంటే పాసుపుస్తకంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆ స్థానంలో సున్నా తప్ప మరొకటి ఉండదని తెలిసినప్పుడు ఓ కనిపిస్తే సున్నాగా మార్చి, మార్చానని చెప్పడం మేలు. పాన్ కార్డు సంఖ్య అయిదు అక్షరాలు, నాలుగు అంకెలు, మళ్లీ ఒక అక్షరం. వ్యక్తుల పాన్‌లో నాలుగో అక్షరం పి. చిన్న అక్షరాల్లో కొడితే పెద్దవి చేసుకోవాల్సింది ప్రోగ్రామే. సెల్ నంబరుకు ముందు ప్లస్ తొంభైఒకటి ఉంటే తీసుకోవాలి. ఊళ్లో తల్లిదండ్రుల కోసం అమెరికాలోని కొడుకు ఫారం నింపుతున్నప్పుడు తన నంబరు ఇవ్వాల్సి వస్తే, మొదటి అంకె ఆరు నుంచి తొమ్మిది లోపే ఉండాలన్న మన నియమం అక్కడి నంబరుకు వర్తించదు. ముందు దేశం అడిగి, ఆ తర్వాతే నంబరు చూడాలి.

జాబితాలకూ ఇదే శ్రద్ధ కావాలి. జిల్లా ఎంచుకోగానే ఆ జిల్లా మండలాలే కనిపించేట్టు చేయడం జావాస్క్రిప్ట్ పని. దానివల్ల పొరపాటుకు చోటే ఉండదు. కానీ తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. పాత జాబితాను అలాగే వదిలేసిన ఫారంలో తన జిల్లా పేరే లేని మనిషి ఏది నొక్కినా తప్పే అవుతుంది. ఆ తప్పు ఆ మనిషి ఖాతాలో వేయకూడదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, మన భాష. పేరు గడిలో ఎ నుంచి జెడ్ వరకే ఉండాలని రాసిన ఫారంలో తెలుగులో పేరు రాస్తే తప్పంటుంది. తన పేరు తన లిపిలో రాసినందుకు ఎర్ర గీత పడితే మనసు చివుక్కుమంటుంది. దీన్ని సరిదిద్దాలని కూర్చున్న ప్రోగ్రామర్లకు కూడా తెలుగు కొంచెం తెలియాలి. లక్ష్మి అనే పేరు తీసుకోండి. చెవికి, కంటికి రెండక్షరాలు. జావాస్క్రిప్ట్ లెక్కలో ఏడు. ల ఒకటి, క ఒకటి, దాని కింద వత్తు చేర్చే పొల్లు ఒకటి, ష ఒకటి, మళ్లీ పొల్లు, మ, చివర గుడి. పేరు ఇరవై అక్షరాలకు మించకూడదని పెట్టిన గడిలో ఇంగ్లీషు పేరు సుఖంగా పడుతుంది. అదే పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో రాస్తే మధ్యలో తెగిపోవచ్చు.

2018 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణంలో ఏ లిపి అక్షరాన్నైనా గుర్తుపట్టే పద్ధతి వచ్చింది. చాలామంది దాన్ని వాడి తెలుగుకు దారి ఇచ్చామనుకుంటారు. కానీ యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అక్షరాల తరగతిలోకి రావు. మార్కులు అనే వేరే తరగతిలోకి వస్తాయి. ఆ తరగతిని కూడా చేర్చకపోతే కమల అన్న పేరు వెళ్తుంది, లక్ష్మి వెళ్లదు. అన్నీ తలకట్లే ఉన్న పేరు కాబట్టి కమలకు గండం తప్పింది. ఇలాంటి ఫారం పరీక్షించినవాళ్లు కమలతో పరీక్షించి సరిపోయిందనుకుంటే, బయట ఎంతమంది లక్ష్ములు ఆగిపోతారో ఆలోచించండి. అక్షరాల తరగతి, మార్కుల తరగతి, ఖాళీ, చుక్క, ఇవి నాలుగూ ఒప్పుకోవాలి. పొల్లు తర్వాత వత్తు పడకుండా ఆపడానికి తెలుగు కీబోర్డులు చేర్చే కంటికి కనిపించని గుర్తు ఒకటుంది, దాన్నీ ఒప్పుకోవాలి. ఇంటిపేరు ముందు రాసే అలవాటును, ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టే అలవాటును కూడా గౌరవించాలి. పూర్తి పేరు అని ఒక్క గడి ఇస్తే చాలాచోట్ల సమస్యే ఉండదు.

తప్పును ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది మరో విద్య. సెల్ నంబరులో మొదటి అంకె కొట్టగానే పది అంకెలు లేవని ఎర్రబడితే, మాట పూర్తికాకముందే అడ్డు తగిలినట్టు ఉంటుంది. మనిషి ఆ గడి వదిలి పక్కకు వెళ్లాక చెప్పాలి. ఒకసారి చెప్పాక, సరిదిద్దుతున్నప్పుడు మాత్రం అది సరికాగానే ఎరుపు తీసేయాలి. మొదటిదానికి బ్లర్ అనే ఘటన, రెండోదానికి ఇన్‌పుట్ అనే ఘటన ఉన్నాయి. సందేశాన్ని సెట్ కస్టమ్ వాలిడిటీ అనే ఆజ్ఞతో మన మాటల్లో, తెలుగులో పెట్టుకోవచ్చు. "తప్పు" అని ఊరుకోకుండా "పిన్‌కోడ్‌లో ఆరంకెలు ఉండాలి, మీరు అయిదు రాశారు" అని చెబితే చదివినవాళ్లు వెంటనే సరిచేసుకుంటారు. అన్నట్టు, మన పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అది అయిదుతోనే మొదలవుతుంది. ఈ రాష్ట్రాల్లో ఒకటి ఎంచుకున్నవాళ్లు వేరే అంకెతో మొదలుపెడితే "ఒకసారి సరిచూసుకోండి" అని మెల్లగా గుర్తుచేయవచ్చు.

రంగు ఒక్కటీ సరిపోదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లున్నారు. చూపు లేనివాళ్లు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో ఫారాలు నింపుతారు. గడికి లేబుల్ కట్టి ఉంటేనే అది ఏ గడో వాళ్లకు వినిపిస్తుంది. లోపం సందేశాన్ని గడికి ముడివేస్తేనే ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది. రేడియో వినే మీకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కంటికి కనిపించేది చెవికీ చేరాలి, అంతే.

చివరగా ఒక హెచ్చరిక. బ్రౌజర్‌లో చేసే ఈ తనిఖీ అంతా సాయం. రక్షణ అనుకోకూడదు. జావాస్క్రిప్ట్‌ను ఎవరైనా ఆపేయవచ్చు. ఫారాన్ని తెరవకుండానే నేరుగా సర్వర్‌కు ఏదైనా పంపవచ్చు. కాబట్టి సర్వర్ తన దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ మొదటినుంచీ మళ్లీ చూసుకోవాలి. లోపం ఉంటే ఆ గడి పేరు చెప్పి, మిగతావి చెరపకుండా తిప్పి పంపాలి. అర్జీలు రాసే మనిషి చూశాడు కదా అని లోపలి గుమస్తా కళ్లు మూసుకుని ముద్ర వేయడు.

ఫారాలు రాసే యువతీయువకులకు నాదొక్క మనవి. మీ ఫారం పూర్తయ్యాక దాన్ని మీ అమ్మ ఫోన్‌లో తెరవండి. ఆమె పేరు తెలుగులో, ఇంటిపేరు పొడి అక్షరంతో, పక్కన చుక్కతో ఆమెనే రాయమనండి. ఆధార్ సంఖ్య కార్డు చూసి ఆమె అలవాటు ప్రకారం కొట్టమనండి. మీరు పక్కన కూర్చుని ఒక్క మాటా చెప్పకండి. ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ ప్రోగ్రాము దిద్దండి. ఆమె ఆగకుండా చివరిదాకా వెళ్లిన రోజునే ఆ ఫారాన్ని నలుగురికీ ఇవ్వండి.

ఇక ఫారాలు నింపే శ్రోతలకు ఒక మాట. ఎర్ర గీత కనిపించినప్పుడల్లా తప్పు మీదే అనుకోకండి. మీ పేరులో తప్పు లేదు.